ఆయన కొప్పెర, ఆయమ్మ చేతులు

మొన్న మా మనవరాలి పెళ్ళికి వంటపాత్రలు చూద్దామని వేలూరు వెళ్ళాం. ఇప్పుడంతా ఎవర్‌సిల్వర్, అదే స్టీలు, రాజ్యం కదా. అంగడాయన మమ్మల్ని వెనకనున్న తన పట్టడలోకి, పాత్రలు చేసే చోటికి తీసుకుపోయాడు. అక్కడ మూడు ఇనుప రోలర్లు పక్కపక్కన పడుకుని తిరుగుతున్నాయి. మందపాటి ఎవర్‌సిల్వర్ పలక ఒకటి, నాపరాయిలా బిర్రుగా ఉన్నది, ఇటు నుంచి దూరి అటు నుంచి తమలపాకు మడిచినట్టు వంపు తిరిగి వచ్చింది. మీట నొక్కినవాడు రెండో చేత్తో టీ తాగుతున్నాడు.

నేను కదలకుండా నిలబడిపోయాను. అంగడాయన మురిసిపోయాడు.

"ఏం పెద్దాయనా, మిషను బాగుండాదా?"

"బాగుండాది. అవతల పక్క దీన్ని ఎవురు పట్టుకుంటారు?"

"పట్టుకునేది ఎందుకు? అదే పోతాది, అదే వస్తాది."

ఆ తరువాత నాకు పాత్రల మీద ధ్యాస నిలవలేదు. మనవరాలు ఏది చూపినా బాగుందన్నాను. తాతకు మతి తప్పిందని వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. మతి తప్పలేదు, మతికి వచ్చింది. వచ్చినవాడు కొప్పెరాయన.

ఆయన అసలు పేరు రాయను. రాస్తే ఆయన తాలూకు వాళ్ళ ఇంట్లో ఈనాటికీ పెళ్ళి సంబంధం ఒకటి తప్పిపోవచ్చు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మాది వేలూరు పక్కనున్న గుడియాత్తంలో నేత కుటుంబం. నేను మగ్గం ముందు కూర్చుంటే పోగులు తెగేవి, వాటితోపాటు మా నాయన ఓపిక కూడా తెగేది. "వీడికి నేత రాదు, రంగులో ముంచండి" అని నన్ను నూలుకు రంగు వేసే పనిలో పడేశాడు. నేత రానివాడికి రాత వచ్చిందని ఇప్పుడు నలుగురూ అంటారు. నా రాతలు చదివినవాళ్ళు మాత్రం ఆ మాట అనరు.

రంగు పనికి ప్రాణం రాగి కొప్పెర. నూలు గంటల తరబడి ఉడకాలి. అడుగు పలచనైతే మాడుతుంది, వంపు సరిగా లేకపోతే రంగు ఒక పక్కకు చేరుతుంది. అందుకని మా వీధి వాళ్ళంతా మందపాటి కొప్పెరలు చేయించుకునేవాళ్ళు. వాటిని చేయగలిగినవాడు మా వైపు ఆయన ఒక్కడే. తెల్లదొరల కాలం అది. నాకు కొత్తగా పెళ్ళయింది. కొప్పెర ఎప్పుడవుతుందో అడిగి రమ్మని మా నాయన నన్ను తరచు ఆయన పట్టడకు తోలేవాడు.

ఆయనకు సగం చెవుడు. సుత్తి మోతలో పుట్టి పెరిగినవాడు. అయితే తనకు వినబడదని ఒప్పుకోడు, లోకమంతా నోట్లో నోట్లో గొణుగుతోందని ఆయన ఫిర్యాదు. "ఏం రంగప్పా, నోట్లో వక్కాకు పెట్టుకున్నావా?" అనేవాడు నేను గొంతు చించుకున్న తరువాత కూడా. నా పేరులో రంగడు లేడు. చేతులకు ఎప్పుడూ ఉండే రంగును చూసి ఆయనే ఆ పేరు పెట్టాడు.

వంపు లేని వస్తువంటే ఆయనకు గిట్టదు. పలక, పీట, పెట్టె, ఏది చూసినా చిరాకే. మనిషిని చూస్తే ముందు తలకాయ చూసేవాడు. నా తలను మొదటిసారి చూసి, "చేత బాగుండాది, వెనకాల రెండు దెబ్బలు తక్కువ పడినాయి" అన్నాడు. పెళ్ళి భోజనానికి వెళితే వంటశాలలోకి నడిచి, సాంబారు కాగుతున్న అండా అడుగు చూడాలని వంగేవాడు. ఒకసారి మా మేనమామ ఇంటి పెళ్ళిలో అలా వంగినప్పుడు వంటాయన గరిటె ఎత్తాడు. "కొట్టప్పా, కొట్టు. కానీ దీన్ని చేసినవాణ్ణి ముందు కొట్టు" అన్నాడు కొప్పెరాయన.

పని ఎలా సాగేదో కొంచెం చెప్పాలి. గుండ్రంగా కత్తిరించిన మందపు రాగిరేకును ఎర్రగా కాల్చి నీళ్ళు చల్లుతాడు. రాగి మెత్తబడుతుంది. పూర్తిగా చల్లారనివ్వకుండా, చింతమొద్దులో తొలిచిన గుంట మీద పెట్టి సుత్తితో కొడతాడు. ఒకే చోట కొడితే సొట్ట పడుతుంది, చుట్టూ కొడితే గిన్నె అవుతుంది. కాబట్టి దెబ్బకూ దెబ్బకూ మధ్య రేకును వేలెడు తిప్పాలి. కొన్ని చుట్లయ్యాక రాగి బిగుసుకుంటుంది. మళ్ళీ కాల్చాలి. కాల్చకుండా మొండిగా కొడితే నిలువునా పగులుతుంది.

కొట్టేది ఆయన. తిప్పేది ఆయమ్మ, ఆయన భార్య. పిల్లలు లేరు. ఊళ్ళో చాలా కాపురాల్లో కొట్టేది మగవాడే. ఆ ఇంట్లో మాత్రం దెబ్బలన్నీ రాగికే. ఆయన సుత్తి ఎత్తి ఆమె చేతుల వైపు చూడకుండానే దించేవాడు. ఆ సుత్తి ఆమె వేలిని ఒక్కసారి కూడా తాకలేదు. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అయినా సగం చెవుడున్న ఆయనకు ఆమె మాట ఎప్పుడూ అందేది, పెదవులు చూసి పట్టేసేవాడు. మా మాట పట్టడానికి ఆయనకు ఓపిక ఉండేది కాదు.

వాళ్ళ ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. ఆయుధపూజ నాడు మొదటి పసుపు సుత్తికి కాదు, రేకు పట్టుకునేవాళ్ళ చేతులకు. ఆయన వీధి వాళ్ళందరినీ పిలిచి, ఆయమ్మను పీట మీద కూర్చోబెట్టి, రెండు అరచేతులకూ పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. ఆమె సిగ్గుతో తల దించుకునేది. "చాల్లే, దేవుడికి మిగల్చు" అనేది.

మామూలుగా వేడి రేకు పట్టుకోవడానికి ఆమె చేతికి తడి గోతాం గుడ్డ చుట్టుకునేది. అయినా కాలేది. కాలితే చెవి తమ్మెలు పట్టుకుని "అబ్బబ్బ" అనేది. కొన్నేళ్ళకు ఆ గుడ్డ లేకుండా పట్టుకోవడం నేను చూశాను. చెవి పట్టుకోవడం కూడా మానేసింది.

వాళ్ళ వంశంలో ఒక నమ్మకం. పని పూర్తిగా చేతిలోకి దిగినవాళ్ళకు అగ్గి మచ్చికవుతుందట, ఇంటి కుక్క ఇంటివాళ్ళను కరవనట్టు వాళ్ళను కాల్చదట. ఆయన అవ్వకు అలా మచ్చికయిందని చెప్పుకునేవాళ్ళు. కొప్పెరాయనకు ఆ భాగ్యం లేదు, నిప్పురవ్వ పడినా బండబూతులు తిట్టేవాడు. ఇప్పుడు ఆయమ్మకు వచ్చింది. ఆ రోజు ఆయన సంతోషం చూడాలి. బెల్లం పొంగలి వండించి, తను చేసిన గుండిగలోనే పెట్టుకుని, ఇంటింటికీ తనే తిరిగి పంచాడు.

"మా ఇంటిదానికి అగ్గి మచ్చికయినాది రంగప్పా. చెయ్యి పట్టు."

నేను దోసిలి పట్టాను. బాగుందని రెండోసారి కూడా పట్టాను. నెయ్యి దండిగా వేశాడు. ఆ పొంగలి రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, దాన్ని తలుచుకుంటే మాత్రం గొంతు దిగదు.

ఆ తరువాత బెల్లం వండే కొప్పెర చేయించుకోవడానికి కే.వి.కుప్పం నుంచి, పరదరామి నుంచి వచ్చిన రైతులకు ఆయన ముందుగా చూపించేది ఆయమ్మ చేతులనే. "పట్టు" అనేవాడు. ఆమె ఒట్టి చేత్తో వేడి రేకు అంచు పట్టుకుని లేపేది. వచ్చినవాళ్ళు చేతులు జోడించేవాళ్ళు. ఒక ముసలమ్మ ఆమె కాళ్ళకు మొక్కబోయింది కూడా.

మా కొప్పెర సగమైన రోజుల్లో ఒక పొద్దున నేను పట్టడలో ఉన్నాను. ఆయన కొడుతున్నాడు, ఆయమ్మ తిప్పుతోంది. నావైపు తిరిగి ఏదో చెబుతోంది, నా పెళ్ళాం వంట గురించి వేళాకోళం. ఇంతలో సుత్తి గాలిలో ఆగింది. ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"ఏమో కాల్తా ఉండాది. గోతామా?"

"గోతాం యాడుండాది, నేను తీసి శాన నాళ్ళయింది గదా" అంది ఆమె నవ్వుతూ. అప్పుడు తన చేతివైపు చూసుకుంది. మేమూ చూశాం. రేకు అంచుకు ఆనుకుని ఉన్న రెండు వేళ్ళ నుంచి సన్నగా పొగ వస్తోంది. ఆమె ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. ఆ నవ్వుకూ ఆ వేళ్ళకూ సంబంధం తెగిపోయి ఉంది.

ఆ పుండు మానలేదు. పసర్లు కట్టారు, అమ్మవారికి మొక్కారు. వేళ్ళు లోపలికి ముడుచుకోసాగాయి. చెంప మీద ఒక మచ్చ పాలిపోయింది. చివరికి వేలూరు పెద్దాసుపత్రికి పోయారు. అక్కడ కళ్ళు మూయించి చేతుల మీద సూదితో పొడిచారు, ఆమెకు తెలియలేదు, రోగం పేరు చెప్పి పంపారు. మా వైపు దాన్ని పెద్దరోగం అంటాం. చిన్నా చితకా రోగాలను పేరు పెట్టి పిలుస్తాం గానీ దీన్ని మాత్రం, ఊరి పెద్దను పేరుతో పిలవడానికి జంకినట్టు, ఇలాగే అంటాం.

ఆమెకు అగ్గి మచ్చిక కాలేదు. చేతులే ఆమెను విడిచి వెళ్ళిపోయాయి. ఆ వెళ్ళిపోవడాన్ని వాళ్ళు పండగ చేసుకున్నారు, మేము నెయ్యి వేసుకుని తిన్నాం.

కబురు వాళ్ళకంటే ముందు ఊరు చేరింది. మర్నాడు పొద్దున ఆయన గుమ్మం ముందు గుండిగలు, అండాలు, కొప్పెరలు కుప్పగా పడి ఉన్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు, తలుపు తట్టలేదు. చేయించుకున్నవాళ్ళు తెచ్చి దించిపోయారు, అంతే. మా పాత కొప్పెరనూ తీసుకుపోయి పడెయ్యమని మా అమ్మ పట్టుబట్టింది. "అందులో నూలు పొద్దస్తమానం ఉడుకుతాది కదమ్మా, యే రోగం బతుకుతాది?" అన్నాను. మా అమ్మ నా మాటకు కరగలేదు. కానీ వేరే కొప్పెరలో ఎర్రరంగు పండదు. ఆమె ఎర్రరంగుకు కరిగింది.

కొప్పెరాయన ఆ కుప్పను చూసి బయటికి వచ్చి, ఒక్కొక్క పాత్ర అడుగునూ చేత్తో నిమిరి లోపల పెట్టుకున్నాడు. ఒక్క మాట తిట్టలేదు. నిప్పురవ్వకు బూతులు తిట్టే మనిషి.

వీధి పెద్దలు వచ్చి ఆమెను పంపెయ్యమన్నారు. ఆయన వినబడనట్టు కూర్చున్నాడు. ఆమెకే వినబడింది.

"నేను పోతా. ఆడ, వేలూరికి అవతల కొండ కింద, ఈ రోగం వాళ్ళకని ఇల్లుండాదంట. నన్ను దించేసి నువ్వు రా" అంది.

"నేనూ ఉంటా."

"రోగం ఉండేవాళ్ళనే పెట్టుకుంటారంట. నీకు లేదు గదా."

దించేసి వచ్చాడు. వచ్చాక మా కొప్పెర పూర్తి చేస్తానని కూర్చున్నాడు. పట్టుకునేవాళ్ళు ఎవరూ రాలేదు. మా నాయన నన్ను చూశాడు. నేత రానివాణ్ణి రంగులో ముంచినవాడికి, రంగులో మునిగినవాణ్ణి రాగికి ఎక్కించడం ఏమంత కష్టం?

నేను చేతులకు తడి గోతాం మందంగా చుట్టుకుని కూర్చున్నాను. మొదటి దెబ్బకు నా పళ్ళన్నీ కదిలాయి. రెండో దెబ్బకు రేకు వదిలేశాను. అది గిర్రున తిరిగి నా మోకాలికి తగిలింది.

"చెయ్యి తిప్పు రంగప్పా, మొగం కాదు."

"నువ్వు యాడ కొడతావో నాకెట్ల తెలిసేది?"

ఆయన సుత్తి దించాడు. నా ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగనిదన్నట్టు సుత్తినీ రేకునూ మార్చి మార్చి చూశాడు.

"నాకూ తెలీదప్పా. మా ఇంటిది తిప్పినచోట కొట్టేవాణ్ణి" అన్నాడు.

నా వేళాకోళం అక్కడ ఆగిపోయింది. అన్నేళ్ళూ కొప్పెరకు వంపు తెచ్చింది సుత్తి అని మేమంతా అనుకున్నాం. ఆయన కూడా అనుకున్నట్టున్నాడు. మరో రెండు చుట్లు ప్రయత్నించాం. నేను తప్పు తిప్పాను, ఆయన తప్పు కొట్టాడు, రేకు అంచున పగులు పడింది. ఆ పగులును ఆయన వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ తరువాత కుంపటి వెలిగించలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు ఆయన పొయ్యి పొగ చూసి మనిషి ఉన్నాడని అనుకునేవాళ్ళు, ఇప్పుడు ఆ పొగ కూడా లేదు.

కొంతకాలానికి ఒక పొద్దున ఆయనే మా రంగుల కొట్టుకు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"వేలూరికి పోదాం రా రంగప్పా. నాకూ వచ్చేసినాది."

"ఏమొచ్చినాది?"

అరచేతులు రెండూ చాచాడు. తోలు ఊడి, ఎర్రగా, తడిగా, ఆ అంచు నుంచి ఈ అంచుదాకా ఒకే మాదిరి కాలి ఉన్నాయి.

"రేకు ఎర్రగా కాల్చి పట్టుకున్నా. ఏమీ తెలీలా. చూడు, ఇప్పుడు కూడా ఏమీ తెలీలా" అన్నాడు. అంటున్నంతసేపూ ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వాటిని తుడుచుకోవడానికి చేతులు లేవు. నా తువ్వాలుతో నేనే తుడిచాను.

రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను చూస్తున్నంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని హాయిగా ఉన్నవాడిలా కబుర్లు చెప్పాడు. నాకు నిద్ర వస్తోందని చెప్పి కళ్ళు మూసుకున్నాను. రెప్పల సందులోంచి చూస్తే, అరచేతులు రెండూ కిటికీ బయటికి పెట్టి గాలికి పట్టాడు. పళ్ళు బిగబట్టి ఉన్నాడు. కాట్పాడి వచ్చేదాకా నేను నిద్ర లేవలేదు.

కొండ కింద ఆ ఇంటి డాక్టరు అరవాయన, తెలుగు కొంచెం వచ్చు. కొప్పెరాయన చేతులు చూసి, నా ముఖం చూసి, ఏమీ అనకుండా కుర్చీ వేయించాడు. కళ్ళకు గుడ్డ కట్టాడు. కోడి ఈక తీశాడు.

"ఈకతో తాకుతాను. తాకింది తెలిస్తే చెప్పాల. ఆయనకు చెప్పు" అన్నాడు నాతో. నేను చెవిలో అరిచి చెప్పాను. ఆయన గంభీరంగా తలూపాడు.

డాక్టరు మోచేతి మీద ఈకతో మెల్లగా తాకాడు.

"తెలీలా" అన్నాడు కొప్పెరాయన.

భుజం మీద తాకాడు.

"తెలీలా."

డాక్టరు ఈక పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. కొప్పెరాయన కూడా ఊరికే ఉన్నాడు, బడిలో తరువాతి ప్రశ్న కోసం చూసేవాడిలా. గుడ్డ కింద పెదవులు సిద్ధంగా ఉన్నాయి. డాక్టరు మెడ వెనక తాకీ తాకనట్టు తాకాడు.

"అదీ తెలీలా" అన్నాడు వెంటనే.

నాకు నవ్వు వచ్చింది. అంత దుఃఖంలోనూ వచ్చింది, సగం దాకా వచ్చి అక్కడే ఇరుక్కుపోయింది. డాక్టరు నవ్వలేదు. కట్టు విప్పి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకు ఏ రోగమూ లేదప్పా. ఇంటికి పో."

ఆ మాట వినడానికి బయట వసారాలో కూర్చున్న రోగులు ఏ కొండైనా ఎక్కేవాళ్ళు. డాక్టరు పెదవులు చూసి ఆ మాట పట్టిన ఈయన తల అడ్డంగా ఊపుతూ నావైపు తిరిగాడు.

"సరిగ్గా చూడమను. సూదితో పొడవమను. పెద్ద సూది తెమ్మను."

"లేదంటా ఉండారు కదప్పా."

"ఒక గిన్నెలో తిన్నాం, ఒక చాప మీద పడుకున్నాం. దానికి వచ్చి నాకెందుకు రాలా? అడుగు."

అడిగాను. "కొందరికి రాదు. ఎందుకో మాకూ తెలీదు" అన్నాడు డాక్టరు.

"ఊడుస్తా. నీళ్ళు మోస్తా. గేటుకాడ పడుంటా."

"రోగం లేనివాళ్ళను లోపల పెట్టుకునే దానికి లేదు. అది నా చేతిలో లేదు."

కొప్పెరాయన కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. "అట్లయితే ఈ రోగం ఎట్ల తెచ్చుకునేదో అయినా చెప్పమను" అన్నాడు, నాతో, అరవకుండా. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ మాట నేను డాక్టరుకు చెప్పలేకపోయాను. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. మందు రాసి, చేతులకు తెల్లగుడ్డ కట్టి, కంచె దగ్గర ఆమెను చూసిపోవచ్చని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

ముళ్ళకంచెకు ఇవతల మేము నిలబడ్డాం. ఆయమ్మ నడిచి వచ్చింది. మనిషి సన్నబడింది, చెంప మీద కొంగు లాక్కుంది. కంచెకు బారెడు దూరంలో ఆగింది, అంతకంటే దగ్గరికి రాకూడదట.

"ఇంత ఎండలో ఎందుకొచ్చినావు? రంగప్పకు పనుల్లేవా?" అంది. తరువాత గుడ్డలు చూసింది. "అదేంది?"

"ఏమీ లేదు. పనిలో కాలినాది."

"విప్పు."

ఆయన కదల్లేదు. ఆమె నావైపు చూసింది. నేను విప్పాను. ఆమె మెడ ముందుకు చాచి ఆ అరచేతులను చూసింది. పనిలో పొరపాటున కాలితే వేళ్ళ కొసలు కాలుతాయి. అరచెయ్యి మొత్తం సమంగా కాలదు. ఆ సంగతి ఈ లోకంలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. చూసినంతసేపు చూసింది.

"నొప్పిగా ఉండాదా?" అని అడిగింది.

ఆయన ఆమె పెదవుల వైపే చూస్తూ, వసారా వైపు, డాక్టరు గది వైపు ఒక్కసారైనా తిరగకుండా, చేతులు రెండూ కంచె మీదికి చాచాడు.

"ఉండాది" అన్నాడు. "రొంబ నొప్పిగా ఉండాది."